వృక్కం – మూత్రపిండం: ఒక వైద్యపదం అర్థచరిత్ర

వ్యాససంగ్రహం:
తెలుగులో 'వృక్కం', 'మూత్రపిండం' అన్న పదాలను నేడు పర్యాయపదాలుగా వాడుతున్నాం. రెండూ ఒకే అవయవాన్ని సూచిస్తున్నా ఆ అవయవం గురించి అవి మోస్తున్న జ్ఞానం ఒకటి కాదు. వైదిక వాఙ్మయంలోనూ ఆయుర్వేద సంహితల్లోనూ వృక్క శబ్దానికి మూత్రంతో సంబంధం లేదు. దాని సంబంధం మేదస్సుతో. 'మూత్రపిండం' అవయవం చేసే పనిని బట్టి ఏర్పడిన పేరు. వృక్క శబ్దం రూపచరిత్రను, అర్థచరిత్రను పరిశీలించి, ప్రాచీన గ్రంథాల అనువాదంలో ఈ రెండు పదాలను విడదీసి చూడవలసిన అవసరాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: వృక్కం, మూత్రపిండం, గుర్దా, మేదస్సు, గవీని, అర్థపరిణామం, శాస్త్రానువాదం.

1. ఉపోద్ఘాతం

తెలుగు మాధ్యమంలో జీవశాస్త్రం చదివిన వారికి విసర్జన వ్యవస్థ పాఠం గుర్తుండే ఉంటుంది. అందులో అవయవం పేరు మూత్రపిండం. కాని దానికి రక్తాన్ని తెచ్చే నాళం వృక్క ధమని, తీసుకొనిపోయేది వృక్క సిర, లోపలి సూక్ష్మ నిర్మాణం వృక్క నాళిక, పైన టోపీలా కూర్చున్నది అధివృక్క గ్రంథి. నామంగా ఒక పదం, విశేషణంగా మరొక పదం స్థిరపడ్డాయి. ఆంగ్లంలో అవయవం 'కిడ్నీ', దాని విశేషణం లాటిన్ నుంచి వచ్చిన 'రీనల్', దాని సూక్ష్మాంశం గ్రీకు నుంచి వచ్చిన 'నెఫ్రాన్' అయినట్టే ఇదీ జరిగింది. పాఠం ముగించి ఇంటికి వచ్చిన విద్యార్థి చెవిన పడేది మాత్రం 'కిడ్నీ'. హైదరాబాదు మాంసం దుకాణానికి వెళితే అదే అవయవం 'గుర్దా' అవుతుంది.

ఒకే అవయవానికి నాలుగు పేర్లుండడం భాషకు కొత్త కాదు. అయితే ఆ నాలుగూ నాలుగు కాలాల నుంచి వచ్చాయి. ఒక పదం పుట్టిన కాలంలో ఆ అవయవం గురించి ఏమి తెలుసో అదే ఆ పదం వెంట వస్తుంది. ఈ సంగతి మరచి పాత పదం స్థానంలో కొత్త పదాన్ని పెట్టినప్పుడు మాటతో పాటు జ్ఞానం కూడా మారిపోతుంది. వృక్క శబ్దం ఇందుకు చక్కని ఉదాహరణ.

2. వైదిక వాఙ్మయంలో వృక్క శబ్దం

ఈ శబ్దం వైదిక వాఙ్మయంలో తరచు ద్వివచనంలో, 'వృక్కౌ' అన్న రూపంలో కనిపిస్తుంది. ఇది జంట అవయవమన్న గుర్తింపు పదప్రయోగంలోనే ఉంది. ఋగ్వేదం మొదటి మండలంలోని అన్నస్తుతి సూక్తంలో (1.187) ఈ మాట కొవ్వును తెలిపే 'పీవస్' శబ్దం పక్కనే వస్తుంది. ఆ మంత్రంలో దాని అర్థనిర్ణయం విషయమై వ్యాఖ్యాతలలో భేదాలున్నా, ఆ పొరుగుమాట గమనింపదగినది. అథర్వవేదం ఏడవ కాండలోని ఒక మంత్రంలో ఆవులు కొట్టంలోను, పక్షి గూటిలోను, కొండలు తమ చోటులోను కుదురుకున్నట్టు వృక్కాలను వాటి స్థానంలో నిలిపినట్టు చెప్పబడింది. అదే వేదం తొమ్మిదవ కాండలో గోవు శరీరాన్ని విశ్వంగా వర్ణించే చోట వృక్కాలకు క్రోధంతో పోలిక ఉంది.

శుక్లయజుర్వేదం ఇరవై అయిదవ అధ్యాయంలో అశ్వమేధానికి సంబంధించిన అవయవాల పట్టిక ఉంది. గుర్రం శరీరంలోని ఒక్కొక్క భాగాన్ని ఒక్కొక్క దేవతకో ప్రకృతి వస్తువుకో జతచేసే ఆ పట్టికలో వృక్కాలకు ద్యులోకం జతపడింది. ఆశ్వలాయన గృహ్యసూత్రం అంత్యేష్టి విధిలో పశువు వృక్కాలను వెలికితీసి మృతుని చేతులలో ఉంచాలని విధించింది. యముని రెండు శునకాలను దాటిపోవడానికి సంబంధించిన మంత్రం ఆ సందర్భంలో వినియుక్తమైంది.

ఈ ప్రయోగాలను ఒకచోట చేర్చి చూస్తే రెండు విషయాలు తేలుతాయి. మొదటిది, ఈ అవయవాన్ని ఆ కాలపు వారు కంటితో చూశారు, చేతితో పట్టారు. యజ్ఞపశువు శరీర విభజన ఆ జ్ఞానానికి మూలం. రెండవది, పైన చెప్పిన ఏ సందర్భంలోనూ వృక్కానికి మూత్రంతో ముడి లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఋగ్వేదం పదవ మండలంలోను, అథర్వవేదం రెండవ కాండలోను యక్ష్మనాశన మంత్రాలలో 'మతస్న' అన్న మరొక జంట అవయవం పేరు వస్తుంది. 14వ శతాబ్దికి చెందిన సాయణుడు దానికి వృక్క శబ్దంతో అర్థం చెప్పాడు. కాని పైన పేర్కొన్న యజుర్వేద పట్టికలో మతస్నాలు, వృక్కాలు పక్కపక్కనే వేర్వేరుగా ఉన్నాయి. ఒకే పట్టికలో విడివిడిగా లెక్కించిన రెంటిని ఒకటే అనడం కుదరదు. అవయవనామాల విషయంలో వ్యాఖ్యాత చెప్పిన అర్థం అతని కాలపు అవగాహనకు సాక్ష్యమే తప్ప మూలకాలానికి నేరుగా సాక్ష్యం కాదని దీనివల్ల తెలుస్తుంది.

3. రూపచరిత్ర: వృక్కం, వక్కం, గుర్దా

అవెస్తా భాషలో ఈ అవయవానికి 'వెరెద్క' అన్న పదం ఉంది. సంస్కృత, అవెస్తా రూపాలను పోల్చి భాషాశాస్త్రజ్ఞులు ఇండో-ఇరానియన్ దశలో 'వృత్క' వంటి మూలరూపాన్ని పునర్నిర్మించారు. సంస్కృతంలో తకారం తరువాతి కకారంతో సమీకరణం చెంది 'వృక్క' అయింది. ఇరానియన్ శాఖలో ఆ దంత్యధ్వని నిలిచింది. మధ్య పారశీకంలో 'గుర్దగ్', ఆధునిక పారశీకంలో 'గుర్దా' రూపాలు ఏర్పడ్డాయి. పదాదిలో సంస్కృత 'వృ'కు పారశీకంలో 'గుర్' రావడం యాదృచ్ఛికం కాదు. తోడేలును తెలిపే సంస్కృత 'వృక' శబ్దానికి పారశీకంలో 'గుర్గ్' అన్నది సోదరరూపం. రెండు జంటలలోనూ ఒకే ధ్వనిసూత్రం పనిచేసింది.

పారశీకం నుంచి ఉర్దూకు, అక్కడి నుంచి తెలంగాణ వాడుకకు 'గుర్దా' చేరింది. అంటే ఒకే మూలపదం తెలుగు నేలకు రెండు దారుల్లో వచ్చింది. సంస్కృత శాస్త్రగ్రంథాల దారిలో వచ్చినది వృక్కమై పాఠ్యపుస్తకంలో చేరింది. పారశీక, ఉర్దూల దారిలో వచ్చినది గుర్దా అయి మాంసం దుకాణంలో, వంటింట్లో చేరింది. ఒకదాన్ని తత్సమమని గౌరవించి మరొకదాన్ని అన్యదేశ్యమని పక్కన పెట్టే మన వర్గీకరణకు ఈ రెండూ తోబుట్టువులన్న సంగతి కనిపించదు.

పాలిభాషలో ఋకారం అకారంగా మారి 'వక్కం' అయింది. బౌద్ధుల కాయగతాస్మృతి భావనలో శరీరాన్ని ముప్పై రెండు భాగాలుగా తలచుకోవాలి. ఆ పట్టికలో వక్కం హృదయానికి సరిగ్గా ముందు వస్తుంది. క్రీ.శ. 5వ శతాబ్దిలో బుద్ధఘోషుడు విశుద్ధిమార్గంలో దీన్ని వర్ణిస్తూ, ఒకే బంధనం గల రెండు మాంసపు ముద్దలని, ఒకే తొడిమకు వేలాడే రెండు మామిడికాయల వంటివని పోలిక చెప్పాడు. జంటగా ఉండడం, ఆకారం చక్కగా సరిపోయాయి. కాని వాటి స్థానాన్ని మాత్రం అతడు హృదయమాంసాన్ని ఆనుకొని చెప్పాడు. మూత్రం ప్రస్తావన ఇక్కడా లేదు.

4. ఆయుర్వేదంలో వృక్కం: మేదస్సు మూలం

వైద్యశాస్త్రంలో ఈ శబ్దం పారిభాషిక పదంగా స్థిరపడింది. చరకసంహిత శారీరస్థానం పదిహేను కోష్ఠాంగాలను లెక్కించింది. నాభి, హృదయం, క్లోమం, యకృత్తు, ప్లీహం తరువాత వృక్కాలు, ఆ తరువాత వస్తి ఆ లెక్కలో ఉన్నాయి. వృక్కం, వస్తి పక్కపక్కనే ఉన్నందువల్ల ఆధునిక పాఠకుడు వాటి నడుమ సంబంధాన్ని ఊహించుకోవడం సహజం. కాని సంహితలు ఆ సంబంధాన్ని చెప్పలేదు.

స్రోతస్సుల వివరణలో ఈ విషయం స్పష్టమవుతుంది. చరకుని విమానస్థానం ప్రకారం మేదోవహ స్రోతస్సులకు మూలం వృక్కాలు, వపావహనం. మూత్రవహ స్రోతస్సులకు మూలం వస్తి, వంక్షణాలు. సుశ్రుతుడు మేదోవహాలకు కటిని, వృక్కాలను మూలంగా చెప్పి, మూత్రవహాలకు వస్తిని, మేఢ్రాన్ని మూలంగా చెప్పాడు. వివరాల్లో భేదమున్నా వృక్కాన్ని మేదస్సు వైపే నిలపడంలో ఇద్దరిదీ ఏకాభిప్రాయం. వృక్కాలు రక్తమేదస్సుల సారభాగం నుంచి పుడతాయని సుశ్రుతుని శారీరస్థానం చెబుతుంది. ఇవి కడుపులోని మేదస్సుకు పుష్టినిస్తాయని శార్ఙ్గధరుడు చెప్పాడు.

రోగలక్షణాల్లోనూ ఇదే పద్ధతి. అంతర్విద్రధి వృక్కంలో ఏర్పడితే వీపు, నడుము పట్టివేస్తాయని చరకుడు, పార్శ్వం ముడుచుకుపోతుందని సుశ్రుతుడు చెప్పారు. స్థానాన్ని బట్టి చూస్తే ఈ పరిశీలన నిశితమైనది; నేటి వైద్యుడు కూడా మూత్రపిండపు నొప్పిని నడుము పైభాగంలో, పక్కలలోనే వెతుకుతాడు. అయినా వృక్క విద్రధికి మూత్రసంబంధమైన లక్షణాన్ని వారు చెప్పలేదు. మూత్రం కష్టంగా, కొద్దిగా రావడం వస్తిలో ఏర్పడిన విద్రధికి లక్షణాలు.

మేదస్సుతో ముడి ఎందుకు పడిందన్న ప్రశ్నకు సమాధానం అవయవం చుట్టూనే ఉంది. పశువు కడుపు తెరిస్తే ఈ జంట అవయవాలు విడిగా కనిపించవు. దట్టమైన కొవ్వు పొర నడుమ పూడుకొని ఉంటాయి. ఆ కొవ్వును చీల్చితే తప్ప ఇవి బయటపడవు. కొవ్వు మధ్య కొలువైన దాన్ని కొవ్వుకు మూలమనుకోవడం ప్రత్యక్ష పరిశీలన నుంచి చేసిన అనుమానం. అనుమానం తప్పినా పరిశీలన తప్పు కాదు.

5. మూత్రం ఏ దారిన వస్తుంది?

వృక్కం కాకపోతే మూత్రం ఎక్కడిదని సంహితాకారులు భావించారు? సుశ్రుతుని నిదానస్థానం అశ్మరీ ప్రకరణంలో దీనికి వివరణ ఉంది. పక్వాశయం నుంచి బయలుదేరిన సూక్ష్మమైన మూత్రనాడులు, నదులు సముద్రాన్ని నింపినట్టు, వస్తిని నిరంతరం నింపుతుంటాయి. వాటి ముఖాలు కంటికి కనిపించనంత సన్ననివి. కొత్త కుండను మూతిదాకా నీటిలో ముంచి ఉంచితే పక్కల నుంచి నీరు ఊరి లోపలికి చేరినట్టు వస్తి నిండుతుందని అతని దృష్టాంతం. కొత్తకుండ చెమర్చడం చూసిన వారెవరికైనా ఈ పోలిక పట్టుబడుతుంది. వడపోత అన్న భావన ఇక్కడ ఉంది. అయితే అది వృక్కంలో లేదు, వస్తి గోడల్లో ఉంది.

ఈ సందర్భంలోనే 'గవీని' శబ్దాన్ని పరిశీలించాలి. అథర్వవేదం మొదటి కాండలో మూత్రం అడ్డు తొలగడానికి ఉద్దేశించిన సూక్తంలో ఆంత్రాలు, గవీనులు, వస్తి వరుసగా ప్రస్తావితమయ్యాయి. నేటి ఆయుర్వేద పాఠ్యాల్లో మూత్రపిండం నుంచి మూత్రాశయానికి వెళ్ళే నాళాన్ని గవీని అంటున్నారు. ఈ ఆధునిక వాడుకను ఆధారం చేసుకొని, మూత్రపిండం మూత్రాన్ని తయారుచేస్తుందని వేదకాలానికే తెలుసునని వాదించడం కనిపిస్తుంది. కాని సాయణుడు ఆ మంత్రానికి చెప్పిన అర్థం వేరు. ఆంత్రాల నుంచి బయలుదేరిన మూత్రం మూత్రాశయాన్ని చేరడానికి సాధనాలుగా రెండు పక్కల ఉన్న నాడులు గవీనులని అతని వివరణ. రెండు నాడులున్నాయన్న గుర్తింపు ఉన్నా, వాటి మొదలు ఆంత్రంలో ఉంది. మంత్రంలో వృక్క శబ్దం లేదు.

6. గుండెకూ వృక్కానికీ నడుమ

పాలి వర్ణనలో వక్కం హృదయాన్ని ఆనుకొని ఉండడం ఒంటరి విశేషం కాదు. అమరకోశం మనుష్యవర్గంలో హృదయాన్ని చెప్పే చోట 'బుక్కా', 'అగ్రమాంసం' అన్న మాటలున్నాయి. బుక్క, వృక్క శబ్దాల ధ్వనిసామ్యాన్ని బట్టి రెంటినీ ఒకటిగా తీసుకోవడం తొందరపాటవుతుంది. అయినా లోపలి అవయవాల పేర్లు సరిహద్దులు దాటే స్వభావం కలవని దీనివల్ల గుర్తించవచ్చు.

ద్రావిడ భాషలు ఇందుకు మరింత బలమైన ఆధారాన్నిస్తాయి. తెలుగులో 'గుండె', 'గుండెకాయ' అంటే హృదయం. దానికి సజాతీయమైన తమిళపదం 'కుండిక్కాయ్' మాత్రం మూత్రపిండాన్ని తెలుపుతుంది. గుండ్రని కాయవంటి లోపలి అవయవమన్న స్థూలభావన ఒక భాషలో ఒకచోట, మరొక భాషలో మరొకచోట స్థిరపడింది.

భావప్రపంచంలోనూ ఈ రెండు అవయవాలు కలిసే నడిచాయి. ధైర్యవంతుణ్ణి మనం గుండెగలవాడంటాం. ఉర్దూలో ధైర్యానికి 'దిల్ గుర్దా' అన్న జంట మాట వాడుకలో ఉంది. అథర్వవేదం వృక్కానికి క్రోధాన్ని జతచేయడాన్ని ముందే చూశాం. అవయవం చేసే పని తెలియని కాలంలో దాని పేరు భావావేశాలకు నెలవుగా నిలిచింది.

7. మాంసపిండం నుంచి మూత్రపిండం దాకా

12వ శతాబ్ది ప్రాంతపు వ్యాఖ్యాత డల్హణుడు సుశ్రుతసంహితకు వ్యాఖ్య రాస్తూ వృక్కాలు రెండు మాంసపిండాలని, ఒకటి ఎడమ పక్కన, రెండవది కుడి పక్కన ఉంటాయని వివరించాడు. బుద్ధఘోషుడు వాడినదీ దాదాపు ఇదే మాట. పిండమంటే ముద్ద. 'మూత్రపిండం' అన్న సమాసాన్ని వీటి పక్కన పెట్టి చూస్తే ఉత్తరపదం ఒకటేనని, పూర్వపదం మాత్రమే మారిందని తెలుస్తుంది. మూత్రపిండ శబ్దం నేరుగా ఈ వ్యాఖ్య నుంచి పుట్టిందని చెప్పడం నా ఉద్దేశం కాదు. అవయవం ఏ పదార్థంతో అయిందో చెప్పే పేరుకు, అది ఏ పని చేస్తుందో చెప్పే పేరుకు మధ్య ఉన్న దూరాన్ని ఈ రెండు సమాసాలు చూపుతున్నాయని మాత్రమే.

ఆ దూరాన్ని దాటించినది ఆధునిక శరీరశాస్త్రం. 1827లో రిచర్డ్ బ్రైట్ శరీరపు వాపు, మూత్రంలో ఆల్బుమిన్, దెబ్బతిన్న మూత్రపిండం ఈ మూడింటి సంబంధాన్ని వివరించాడు. 1842లో విలియం బౌమన్ సూక్ష్మదర్శిని సాయంతో నేడు తన పేరుతో పిలుస్తున్న గుళికను వర్ణించాడు. ఈ జ్ఞానం భారతీయ భాషల్లోకి వచ్చినప్పుడు ప్రతి భాషా తన దారి తాను ఎంచుకొంది. తెలుగు, కన్నడం, మరాఠీ, గుజరాతీ భాషల్లో మూత్రపిండ శబ్దం స్థిరపడింది. తమిళం తన సొంత ధాతువులతో 'సిఱునీరగం' అన్న మాటను కల్పించుకొంది. అందులోనూ మూత్రమే ఉంది. మలయాళం, బెంగాలీ భాషలు పాత వృక్క శబ్దాన్నే నిలుపుకొని దానికి కొత్త అర్థాన్నిచ్చాయి. హిందీలో వృక్కం, గుర్దా రెండూ ఉన్నాయి.

తెలుగు రెండు పద్ధతులనూ అనుసరించింది. సామాన్య పాఠకునికి వెంటనే అర్థమయ్యే మూత్రపిండాన్ని నామంగా గ్రహించి, సమాసాలలో సులువుగా ఇమిడే రెండక్షరాల వృక్కాన్ని విశేషణంగా నిలుపుకొంది. 'అధిమూత్రపిండ గ్రంథి' కంటే 'అధివృక్క గ్రంథి' నోటికి తేలిక. ఈ విభజన వల్ల బోధనకు మేలు జరిగింది. అయితే రెండు పదాలకూ ఎప్పుడూ ఒకే అర్థమన్న భ్రమ కూడా దీనివల్లనే బలపడింది.

8. అనువాదంలో చిక్కు

ఈ భ్రమకు మూల్యం చెల్లించేది ప్రాచీన గ్రంథాల అనువాదకుడు, ఆ అనువాదాన్ని ఆధారం చేసుకొనే పరిశోధకుడు. చరకుని మాటను 'మేదోవహ స్రోతస్సులకు మూత్రపిండాలు మూలం' అని తెలుగు చేశామనుకుందాం. చదివిన వారిలో కొందరు, మూత్రాన్ని తయారుచేసే అవయవానికి కొవ్వు అంటగట్టారని ప్రాచీనులను తేలికచేస్తారు. మరికొందరు వారి పక్షాన నిలిచి, కొవ్వుకూ మూత్రపిండానికీ ఏదో రహస్య సంబంధముందని నిరూపించడానికి పూనుకుంటారు. ఇద్దరి వాదానికీ మూలం అనువాదకుడు వాడిన ఒక్క మాట. మూలంలో లేని మూత్రాన్ని మనమే వాక్యంలోకి తెచ్చి, ఆ తరువాత దాని కోసం వాదులాడుకుంటున్నాం. 'వృక్కాలు మూలం' అని ఉంచి, వృక్కమంటే ఆ గ్రంథంలో ఏమిటో వివరిస్తే ఈ వాదానికి చోటుండదు.

కాబట్టి అవయవనామాలను అనువదించేటప్పుడు మూడు అంశాలను విడదీయడం మంచిది. ఆ పదం ఏ స్థానంలోని, ఏ ఆకారపు అవయవాన్ని చూపుతోంది? ఆ గ్రంథం దానికి ఏ పనిని ఆపాదిస్తోంది? వ్యాఖ్యాత తన కాలపు ఏ అవగాహనను దానికి జోడించాడు? మొదటి ప్రశ్నకు వచ్చే సమాధానంతో వృక్కం, మూత్రపిండం ఒకటవుతాయి. రెండవ ప్రశ్న దగ్గర అవి విడిపోతాయి. మూడవ ప్రశ్న వేసుకోకపోతే సాయణుని మాటను వేదం మాటగా పొరబడతాం. క్లోమం, వపావహనం వంటి పదాలకూ ఈ పరీక్ష అవసరమే.

9. ముగింపు

వృక్క శబ్దంలో మూత్రం లేకపోవడాన్ని లోపంగా భావిస్తే, అదే గీటురాయితో మూత్రపిండ శబ్దాన్నీ పరీక్షించాలి. ఈ అవయవం రక్తపోటును అదుపు చేయడంలో పాల్గొంటుంది. ఎర్ర రక్తకణాల తయారీని ప్రేరేపించే హార్మోనును స్రవిస్తుంది. విటమిన్ డి క్రియాశీల రూపాన్ని సిద్ధంచేస్తుంది. ఇవేవీ ఆ పేరులో లేవు. దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధిలో చాలా దశల వరకు మూత్రం పరిమాణం మామూలుగానే ఉండవచ్చు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో ఈ వ్యాధి ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. అటువంటి చోట అవగాహన కోసం రాసే కరపత్రంలో మూత్రపిండమన్న పేరొక్కటే ఉంటే, మూత్రం సరిగానే వస్తున్నది కనుక అవయవం బాగానే ఉందని చదివిన మనిషి అనుకోవడానికి వీలుంది. రక్తపరీక్ష ఎందుకో ఆ పేరు చెప్పదు, రాసేవారు చెప్పాలి.

మేదస్సును చూసిన కాలం మూత్రాన్ని చూడలేదు. మూత్రాన్ని చూసి పేరు పెట్టిన కాలం రక్తాన్ని, ఎముకను ఆ పేరులో చేర్చలేకపోయింది. ఏ పేరైనా తన కాలానికి తెలిసిన దాన్నే చెప్పగలదు. ఆ పేరు ఏ కాలానిదో, ఎంతవరకు చెబుతుందో నిర్ణయించడం వైద్యుని పని మాత్రమే కాదు, భాషాపరిశోధకుని పని కూడా. నిఘంటువుల్లో వృక్కం ఎదుట 'మూత్రపిండము' అని ఒక్కమాట రాసి ఊరుకోకుండా, ఏ గ్రంథంలో ఏ కాలంలో ఏ అర్థమో ప్రయోగాలతో చూపే చారిత్రక వైద్యనిఘంటువు తెలుగులో రావలసి ఉంది. ఈ దిశగా పరిశోధకులు ఒక్కొక్క పదాన్ని తీసుకొని పనిచేయడానికి ఎంతో అవకాశముంది.